కత్తులవీడులో కురచకత్తి

రత్నమేఖల రాజ్యానికి పడమటి కొసన, ఘర్ఘరారణ్యం గుమ్మంలో ఉన్న ఊరు కత్తులవీడు. సూర్యుడు తూర్పుకొండ మీద కాలు మోపీ మోపకముందే అక్కడ మూడువందల కొలుములు ఒక్కసారిగా భగ్గుమంటాయి. వీధికి ఇరుపక్కలా వేలాడగట్టిన ఖడ్గాలూ, కరవాలాలూ, కటారులూ, పట్టాకత్తులూ, గండ్రగొడ్డళ్లూ తొలికిరణం తగలగానే తళుక్కుమని ఎదుటి గోడల మీద వెలుగుపట్టీలు గీస్తాయి. వాటి మధ్య నడిచేవాడి ముఖం ఒక అడుగుకి బంగారు రంగు, మరో అడుగుకి నెత్తుటి రంగు పులుముకుంటుంది. సమ్మెట దెబ్బల హోరులో పక్కవాడి మాట కూడా వినపడదు. మంచి మాటైనా, చెడ్డ మాటైనా చెవిలో నోరు పెట్టి చెప్పవలసిందే.

అలాంటి వీధిలోకి మావటివాడి కొడుకు మకరందుడు అడుగుపెట్టాడు. చెయ్యి నడుముకు దోపిన అంకుశం మీదే ఉంది. చూపు మాత్రం వచ్చేపోయే ప్రతివాడి ముఖం మీదా వాలి లేస్తోంది.

అతని అనుమానానికి కారణం లేకపోలేదు. ఐదు రోజుల కిందట ఉల్కాక్షుడనే మాంత్రికుడు రాజుగారి ఏనుగుశాలకు వచ్చి, తన హోమానికి పట్టపుటేనుగు మదజలం కావాలన్నాడు. మకరందుడి అక్క శంపాలత అంకుశం ఎత్తి వాణ్ణి వాకిటిదాకా తరిమింది. వాడు వాకిట్లో నిలబడి పిడికెడు బూడిద ఊదాడు. ఆ పూటే శంపాలత పాదాలు కొయ్యబారి, నిజం కర్రలా అయిపోయాయి.

"తొమ్మిది రోజులు," అన్నాడు రాజవైద్యుడు ఆమె నాడి వదిలి. "కాళ్లు, నడుము, ఆ తరవాత చేతులు, చిట్టచివర గొంతు. చేతులదాకా వచ్చిందంటే ఇక రెండు రోజులే అనుకో. ఈలోగా అడవి నడుమ వాడి గుహలో వెలిగే ఉల్కదీపం ఆరిపోవాలి. జాగ్రత్త నాయనా! దారిలో వాడి మనిషి నిన్ను కలవక మానడు. ఏ రూపంలో వస్తాడో నేను చెప్పలేను."

తల్లి లేని మకరందుణ్ణి వేలు పట్టుకుని నడిపించింది ఆ అక్కే. మదమెక్కిన ఏనుగు దగ్గర గొంతెత్తకూడదు గనుక ఏనుగుశాలలో అక్కాతమ్ముళ్లు వేలు నొక్కి మాట్లాడుకునేవారు. ఒక్క నొక్కు నొక్కితే పద అని. రెండు నొక్కితే ఆగు అని. ఆ రెండో నొక్కు పుణ్యాన చిన్నతనంలో ఎన్నిసార్లు బతికి బయటపడ్డాడో అతనికే గుర్తులేదు.

వైద్యుడి మాట మకరందుడి బుర్రలో ఎంతగా పాతుకుపోయిందంటే, దాహమేస్తోందని మజ్జిగ ఇచ్చిన ముసలాయన ముంత అక్కడే ఒలకబోసి వచ్చాడు. దారి చెప్పిన గొల్లవాణ్ణి నమ్మక రెండు క్రోసులు చుట్టు తిరిగాడు. సత్రంలో నవ్వుతూ పలకరించిన పిల్లతల్లిని చూసి వంట సగంలో వదిలి పరుగెత్తాడు. ఇంతమందిని అనుమానించినవాడు ఒక్క మనిషిని మాత్రం నమ్మాడు. ఆ మనిషి పేరు పింగళుడు.

నమ్మడా మరి! నిన్న రేవులో పడవ ఉన్నట్టుండి బోర్లాపడితే, నీళ్లలో మునుగుతున్న మకరందుణ్ణి జబ్బ పట్టి ఒడ్డుకు లాగినవాడు పింగళుడే. తాను ముత్యాల వర్తకుణ్ణనీ, అడవి అవతలి ఊరికి పోతున్నాననీ చెప్పాడు. చెవులకు ముత్యాల పోగులు, మెళ్లో నల్లతాడుకు కట్టిన చిన్న తోలుసంచి, తేనెలొలికే మాట. తెల్లవారగానే బండరాయి మీద బోర్లా పడుకుని ఒళ్లు వేడెక్కేదాకా లేవలేదు. ఫలహారమంటే ఆరు కోడిగుడ్లు పచ్చివే మింగాడు. మాటిమాటికీ ఆ సంచి ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చేవాడు. మకరందుడు ఇవన్నీ చూశాడు. చూసి, పాపం, జలుబు మనిషి అనుకున్నాడు.

అడవి గుమ్మం దగ్గర కావలివాళ్లు మకరందుణ్ణి ఆపేశారు. అడవి లోపలి కోనలో నివసించే జనానికీ రాజుకీ పూర్వం కుదిరిన ఒడంబడిక ప్రకారం ఒక నడుముకి ఒక్క ఆయుధమే. దాని ఒరకు ఎర్రదారం ముడివేసి పంపుతారు. ప్రాణం మీదికి వస్తే తప్ప ఆ ముడి తెంపరాదు.

"ఆ అంకుశంతో ఏనుగుని ఆపుతావేమో గానీ పులినీ ఎలుగునీ ఆపలేవు," అన్నాడు కావలివాడు. "వీధిలోకి పోయి నీకు పనికొచ్చేది చూసుకో. కామాక్షమ్మ కొలిమి అడుగు."

"కామాక్షమ్మా?" అని పింగళుడు పెదవి విరిచాడు. అతని నాలుక ఒక్కసారి బయటికి వచ్చి పెదాలు తడిమి లోపలికి పోయింది. "ఊరంతా కొలుములుండగా ఆ ఒక్క పేరే ఎందుకు చెప్పాడు మిత్రమా? నీకు అనుమానం రావడం లేదూ?"

అనుమానం అన్న మాట వినపడితే చాలు మకరందుడికి. చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఏం జరుగుతుందో చూద్దామని నేరుగా ఆ కొలిమికే నడిచాడు.

కామాక్షమ్మకు డెబ్బై ఏళ్లుంటాయి. నిప్పుల వంక చూసీ చూసీ ఒక కన్ను ఎర్రబారిపోయింది. వచ్చినవాడి ముఖం వంక చూడలేదు. మణికట్టు చూసింది, మొల చూసింది, పాదాలు చూసింది. ఇదేమి చూపురా నాయనా అని మకరందుడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అడవికేనా అబ్బీ?"

"అవును అవ్వా."

"ఒంటిగానా?"

"ఎందుకు అడుగుతున్నావు?"

"అడక్కుండా ఎట్లా ఇచ్చేది? చెప్పులు కూడా కాలు చూసే కదా కుట్టేది," అంది ముసలమ్మ. "అరచెయ్యి చెమట పడుతుందా నీకు?"

"పట్టదు," అన్నాడు మకరందుడు. అప్పటికే అతని అరచేతులు తడిసి ముద్దవుతున్నాయి.

"ఏ పక్కకి తిరిగి పడుకుంటావు?"

మకరందుడి గుండె ఝల్లుమంది. కత్తి కొనడానికి వచ్చినవాడు ఏ పక్కకి తిరిగి పడుకుంటే ఈమెకెందుకు? పింగళుడు అతని చెవిలో నోరు పెట్టాడు. "నిద్రలో ఏ పక్కనుంచి పొడవాలో తెలియాలి కదా, అందుకు!"

"ఎడమ పక్కకి," అని అబద్ధమాడేశాడు మకరందుడు.

ముసలమ్మ ఎర్రకన్ను ఒక్క క్షణం అతని చెవుల మీద నిలిచింది. ఆమె లోపలికి పోయి ఒరతో సహా ఒక కత్తి తెచ్చి, చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టింది. జానెడు మీద బెత్తెడు పొడవుంది. ముందుకు కాస్త వంగింది. పిడికి జింక కొమ్ము వేసి, దాని మీద గరుకు తోలు చుట్టారు. మెరుగు లేదు, చెక్కడం లేదు. కొబ్బరికాయ కొట్టడానికి పనికొస్తుందేమో అన్నట్టుంది.

"చేతికియ్యవేం?" అన్నాడు మకరందుడు.

"కత్తి చేతి నుంచి చేతికి మారితే పగలొస్తాయి. కింద పెడతా, నువ్వు తీసుకుంటావు. మా పద్ధతి అది."

పింగళుడికి అలాంటి పట్టింపు లేదు. గోడకు వేలాడుతున్న ఖడ్గం ఒకటి దించి తిన్నగా మకరందుడి చేతిలో పెట్టేశాడు. ఆహా, ఏమి ఖడ్గమది! నెమలికంఠం రంగు ఒర, దాని నిండా వెండి తీగల అల్లిక, పిడి కొసన నోరు తెరిచిన సింహం తల, సింహం కళ్లలో రెండు కెంపులు. ఒర నుంచి దూస్తే సెలయేరు జారినట్టు నిగనిగలాడుతూ మూడు మూరల ఉక్కు బయటికి వచ్చింది. మకరందుడు రెప్ప వెయ్యడం మరిచిపోయాడు. పింగళుడు సరేసరి, అతను రెప్ప వెయ్యగా ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"అది ఊరేగింపులకి," అంది కామాక్షమ్మ. "వెదురుపొదలో అడ్డం పడుతుంది. గుర్రం మీదున్నోడికి వేరు, నేల మీద నడిచేవోడికి వేరు. పులి ఎదురుగ్గా నిలబడి రారమ్మని పిలవదు అబ్బీ. మీద పడ్డాకనే తెలుస్తుంది. మీద పడ్డప్పుడు చేతికి అందిందే ఆయుధం, మిగతాదంతా నగ."

"చూశావా, మంచి సరుకు దాచి మొండి సరుకు అంటగడుతోంది," అన్నాడు పింగళుడు చెవిలో.

మకరందుడు ఖడ్గాన్ని నడుముకు కట్టుకున్నాడు. "నాకిదే కావాలి."

"కట్టుకో, కాదనను. అయితే నా కొలిమి నుంచి పరీక్ష లేకుండా ఏ ఇనుమూ బయటికి పోదు." ముసలమ్మ మూలనున్న బొగ్గుల బస్తాను కాలితో తన్ని చూపించింది. "వెల్లకిలా పడుకో. ఈ బస్తా నీ రొమ్ము మీద పెడతా. దాని మీద నా కాలు వేసి తొక్కిపెట్టి మూడు అంకెలు చెప్తా. మూడో అంకెకి ఏది దూయగలవో అది నీది. దూయలేకపోతే అది గోడకే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా నా కాలే ఎలుగుబంటి."

వెల్లకిలా పడుకోవాలి, రొమ్ము మీద బస్తా, గొంతుకి బెత్తెడు దూరంలో ఎర్రకన్ను ముసలమ్మ కాలు! ఉల్కాక్షుడి మనిషి ఎవరో మకరందుడికి ఇక సందేహం లేకపోయింది. అయినా వెనక్కి తగ్గితే ఆయుధం లేదు, ఆయుధం లేనిదే అడవి లేదు, అడవి దాటనిదే అక్క లేదు.

"పడుకుంటాను అవ్వా, కానీ నీ కాలు వద్దు. నువ్వు ఆ గోడ దగ్గర నిలబడి అంకెలు చెప్పు. బస్తా మీద నా మిత్రుడు కూర్చుంటాడు."

కామాక్షమ్మ ముఖం మాడింది. "నా కొలిమిలో ఇంకొకరి కాలా?"

"కాదంటే పక్క కొలిమికి పోతాను."

ఆమె పింగళుడి వంక చాలాసేపు చూసింది. పింగళుడు వినయంగా తల వంచాడు. "సరే, నీ మెడ, నీ ఇష్టం," అని ముసలమ్మ గోడ దగ్గరికి నడిచింది. కురచకత్తి నేల మీదే ఉండిపోయింది.

మకరందుడు పడుకున్నాడు. రొమ్ము మీదికి బస్తా వచ్చింది. దాని మీద పింగళుడు ఎక్కి, రెండు మోకాళ్లూ ఇరుపక్కలా బిగించి కూర్చున్నాడు.

"ఒకటి... రెండు... మూడు!"

మకరందుడు ఖడ్గం పిడి మీద చెయ్యి వేసి లాగాడు. ఉక్కు బెత్తెడు వచ్చి ఆగిపోయింది. మోచెయ్యి వెనక్కి పోవాలంటే నేల అడ్డం, పైకి లేవాలంటే బస్తా అడ్డం. సింహం తల బస్తా గోనెలో చిక్కుకుని కూర్చుంది. అరచెయ్యి చెమటకు జారింది. మళ్లీ లాగాడు. మళ్లీ జారింది.

"ఓడిపోయాను, లే మిత్రమా," అన్నాడు మకరందుడు నవ్వబోతూ.

పింగళుడు లేవలేదు.

"లే అంటుంటే!"

పింగళుడి బరువు పెరగడం మొదలైంది. మొదట మనిషి బరువు, ఆ తరవాత ఎద్దు బరువు. రొమ్ములోని ఊపిరంతా పిండినట్టు బయటికి పోయింది. మోకాళ్లు పక్కటెముకల్లోకి దిగుతున్నాయి. రెప్ప వెయ్యని ఆ కళ్లలో నల్లగుడ్డు నిలువునా చీలింది. పెదాల మధ్య నుంచి నాలుక జానెడు పొడుగున వచ్చి, కొసన రెండుగా విడి, మకరందుడి నుదురు తడిమింది.

"రేవులో నిన్ను ముంచాలనే పడవ బోర్లా తోశాను మావటికుంకా," అన్నాడు పింగళుడు బుసకొడుతూ. "ఒడ్డున జనం చేరారని బయటికి లాగవలసి వచ్చింది. ఇక్కడ నా పని నువ్వే సులువు చేశావు!"

కామాక్షమ్మ సమ్మెట ఎత్తి వాడి వీపు మీద మోదింది. బండ మీద మోదినట్టు అది ఖంగుమని తిరిగివచ్చింది. అంగవస్త్రం చీల్చుకుని వాడి నడుము వెనక నుంచి పొలుసుల తోక ఒకటి ఊడిపడి ముసలమ్మను గోడకు విసిరికొట్టింది. ఉడుము! మాంత్రికుడు మనిషి రూపమిచ్చి పంపిన ఉడుము! ఉడుంపట్టు అనే మాటకు అర్థం మకరందుడికి ఎముకల్లో తెలుస్తోంది. కళ్ల ముందు చీకట్లు కమ్ముతున్నాయి. ఏనుగుశాలలో అక్క కొయ్యకాళ్లతో నిలబడి వాకిలి వంక చూస్తూ ఉంటుందని తలచుకుంటే ఏడుపొచ్చింది.

నేల మీద ఏదో గీరుకుంటూ జారివచ్చి అతని ఎడమ అరచేతికి తగిలింది.

"ఎడమ చెయ్యి!" నెత్తురోడుతున్న నుదుటితో ముసలమ్మ అరిచింది. "కుడిది మర్చిపో! ఎడమ చెయ్యి అబ్బీ!"

గరుకు తోలు వేళ్లలో ఇమిడింది. చెమట ఉన్నా జారలేదు. ఎత్తడానికి చోటు అక్కర్లేదు, విసరడానికి చోటు అక్కర్లేదు. ఒర నుంచి బొటనవేలితోనే నెట్టి, మకరందుడు కురచకత్తిని బస్తా పక్కనుంచి పైకి పొడిచాడు. అది వాడి చంక కింద, పొలుసు లేని మెత్తని చోట పిడిదాకా దిగింది.

వాడు వేసిన కేకకు వీధిలో సమ్మెటలు ఆగిపోయాయి. పట్టు సడలింది. మకరందుడు బస్తాను తన్నేసి లేచి రెండోవేటు వేశాడు. అది గొంతుకు తగలక మెళ్లో నల్లతాడును మాత్రం తెంపింది. బొగ్గుల దుమ్ములో పింగళుడు కరిగిపోయి, ఆరు మూరల ఉడుము ఒకటి పచ్చని నెత్తురు కారుస్తూ గోడ ఎగబాకింది. పైకప్పు చీల్చుకుని అడవి వైపు దూకిపోయింది. రెండు ముత్యాల పోగులు మాత్రం బొగ్గుల్లో పడి ఉన్నాయి.

మకరందుడు వెళ్లి కామాక్షమ్మ కాళ్ల మీద పడ్డాడు. "అవ్వా, నిన్నే అనుమానించాను. సిగ్గుతో చస్తున్నాను."

"అనుమానించడం తప్పు కాదులే. మనిషిని తప్పు పట్టుకున్నావు," అంటూ ఆమె కొంగుతో నుదురు అదుముకుంది. "అబద్ధం ఒకటి చెప్పినావు చూడు, ఎడమ పక్కకి పడుకుంటానని. చాప అచ్చు నీ కుడి చెవి మీద అట్లనే ఉంది. కుడి పక్కకి పడుకునేవోడికి కుడి చెయ్యి ఒంటి కిందనే ఉంటుంది. నిద్రలో ఎలుగు మీద పడితే మిగిలేది ఎడమ చెయ్యి. దానికని అడిగినా. నువ్వేమో నేను పొడుస్తానని బెదిరినావు!"

మకరందుడికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఆ సింహం ఖడ్గం ఉందే," అంది ముసలమ్మ అతని నడుము వంక చూడకుండా, "నా కొడుకు మౌనాచారి కోసం చేసినా. అందంగా ఉంటాడని నా చేత్తోనే కట్టి అడవికి పంపినా. కోనవాళ్లు అది ఒక్కటే తెచ్చిచ్చినారు. ఉక్కు బెత్తెడు బయటికొచ్చి ఆగిపోయుండింది. ఆ పొద్దు నుంచే ఈ బస్తా."

మకరందుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అలా వంగినప్పుడు బొగ్గుల్లో నల్లతాడు కనిపించింది. వాడు మాటిమాటికీ వాసన చూసిన తోలుసంచి అది. మూతి విప్పి దులిపాడు. అరచేతిలో ఒక చిటికెనవేలు పడింది. కొయ్యవేలు. దానికి రాగి ఉంగరం. ఆ ఉంగరం మకరందుడే పోయిన ఏడు తిరునాళ్లలో అక్కకు కొనిచ్చాడు.

అక్క చేతి నుంచి విరిచి తెచ్చిన ఈ వేలి వాసన పట్టుకునే ఉడుము తమ్ముణ్ణి వెతుక్కుంటూ రేవుకు వచ్చింది. అది ఒక సంగతి. రెండో సంగతి తలకెక్కడానికి ఇంకొంచెంసేపు పట్టింది. నిన్నటికే అక్క చేతులు కొయ్యబారాయి. ఇంకా నాలుగు రోజులున్నాయనుకుని వస్తున్నాడు. లేవు. రేపొక్కరోజే.

"పో అబ్బీ," అంది కామాక్షమ్మ. కురచకత్తిని తుడిచి, ఒరలో దోపి, ఎప్పటిలాగే నేల మీద పెట్టింది. మకరందుడు ఖడ్గం విప్పి గోడకు తగిలించి, ఆ కత్తిని తీసుకుని ఎడమ చేతికి అందేలా కట్టుకున్నాడు. తన అంకుశాన్ని కూడా ఆమె ముందు నేల మీదే పెట్టాడు.

"వచ్చేటప్పుడు తీసుకుపోతాను అవ్వా."

"తీసుకుపోకపోతే ఊరుకోను," అంది ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

గుమ్మంలో కావలివాడు ఒరకు ఎర్రదారం ముడివేశాడు. మిట్టమధ్యాహ్నం వేళ మకరందుడు ఘర్ఘరారణ్యంలో కాలుపెట్టాడు. నూరడుగులు నడిచాడో లేదో ఎండ మాయమైంది. చెట్ల కొమ్మలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని పచ్చని కప్పు కట్టాయి. దాని కింద ఏనుగు తొండమంత లావున్న తీగలు వేలాడుతున్నాయి. ఎర్రని, నీలని పుట్టగొడుగులు మానుల మీద మెట్లు మెట్లుగా మొలిచాయి. ఎక్కడో రాళ్లు దొర్లుతున్నట్టు అడవి ఆగకుండా గరగరమంటూనే ఉంది. ఆకుల మీద పచ్చని నెత్తుటి చుక్కలు ముందుకు పోతున్నాయి. కొయ్యవేలును కుడి పిడికిట్లో బిగించి అతను ఆ చుక్కల వెంట పరుగు తీశాడు.

దారి మలుపు తిరిగేచోట చుక్కలు ఆగిపోయాయి.

"తమ్ముడూ!"

మకరందుడు తలెత్తి చూశాడు. మలుపులో మద్దిచెట్టు కింద శంపాలత నిలబడి ఉంది. అదే చీర, అదే జారుముడి, అదే నవ్వు. పాదాలు నిక్షేపంగా ఉన్నాయి, పచ్చగా పసుపు కూడా రాసి ఉంది. చేతులు మాత్రం కొంగు చాటున ఉన్నాయి.

"శాపం తీరిపోయిందిరా! నీకోసం ఎదురు చూస్తున్నా. రా, ఇంటికి పోదాం రా!"

ఐదు రోజులుగా గుండెలో అణచుకున్నదంతా పొంగి వచ్చింది. "అక్కా!" అంటూ అతను ముందుకు ఉరికాడు. ఆమె ఇంకా నాలుగు అడుగుల దూరంలో ఉందనగా, కుడి పిడికిట్లో కొయ్యవేలు కదిలింది. ఎండుపుల్లలా ఉన్నది మెల్లగా వంగింది. అతని చూపుడువేలిని చుట్టి పట్టుకుని ఒక్కసారి నొక్కింది.

పద. అక్క దగ్గరికే కదా, పద. మకరందుడి కాలు లేచింది.

వేలు మళ్లీ నొక్కింది.

లేచిన కాలు లేచినచోటే ఆగింది. చెట్టు కింద అక్క నవ్వుతూనే ఉంది. మకరందుడు కూడా నవ్వాడు. కళ్ల నీళ్లు తుడుచుకోలేదు. అతని ఎడమ చెయ్యి నెమ్మదిగా నడుము దగ్గరికి పోయి, ఎర్రదారాన్ని బొటనవేలితో తెంపింది.

"వస్తానక్కా. ముందు ఒక్కసారి నీ చేతులు చూపించు."